నాన్నకు షుగర్, క్రియాటినిన్ 1.6 ఉంటే మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయించవచ్చా?

దేవరకొండ నుంచి అడిగిన అక్కా, మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మీ నాన్నకు 62 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్, నెల రోజులుగా కడుపునొప్పి, బరువు తగ్గుతున్నారు. డాక్టర్ కాంట్రాస్ట్‌తో, అంటే స్కాన్‌లో తేడాలు బాగా కనిపించేలా నరానికి ఎక్కించే మందుతో, కడుపు సీటీ రాశారు, ల్యాబ్‌లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) 1.6 వచ్చింది, ఇంట్లో వాళ్లేమో ఆ మందు ఎక్కిస్తే కిడ్నీలు పోతాయి, మామూలు స్కాన్ చాలు అంటున్నారు. ఇదీ మీ టెన్షన్. నేను నల్లగొండలో పదకొండేళ్లుగా సీటీ టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు, కాబట్టి చివరి మాట మీ డాక్టర్‌దే. కానీ ఆ మాట చెప్పేముందు ఆయనకు ఏమేం తెలియాలో, అవి ఎందుకు తెలియకుండా పోతాయో రోజూ చూస్తుంటాను.

ముందు 1.6 సంగతి. ఆ ఒక్క అంకెను పట్టుకుని భయపడొద్దు, ధైర్యంగానూ ఉండొద్దు. దాన్ని వయసు, ఆడా మగా అన్నదానితో కలిపి లెక్కగడితే ఈజీఎఫ్ఆర్ వస్తుంది, కిడ్నీలు ఎంత వడగడుతున్నాయో చెప్పే అంచనా అది. 62 ఏళ్ల మగమనిషికి 1.6 ఉంటే ఇప్పుడు వాడుతున్న 2021 నాటి సీకేడీ-ఈపీఐ అనే ఫార్ములా లెక్కలో సుమారు 48 వస్తుంది. అదే 1.6 ఎనభై ఏళ్ల అవ్వకు ఉంటే 32 దగ్గరకు పడిపోతుంది. నరం ద్వారా ఎక్కించే కాంట్రాస్ట్ విషయంలో అందరూ గట్టిగా ఆగి ఆలోచించే గీత 30. అంతకంటే తక్కువ ఉంటే స్కాన్ అవసరం ఎంతో డాక్టర్లు మళ్లీ తూకం వేస్తారు, తీయాల్సిందే అయితే ముందూ వెనకా సెలైన్ పెడతారు. 48 దగ్గర ఉన్నవాళ్లకు ఈ మందు వల్ల కిడ్నీ దెబ్బతినే అవకాశం చాలా తక్కువ.

అయితే ఒక మెలిక ఉంది. ఈ లెక్క కిడ్నీ పనితీరు నిలకడగా ఉన్నవాళ్లకే సరిపోతుంది. మూడు నెలల కింద 1.1 ఉండి ఇప్పుడు 1.6 అయిందంటే అది వేరే కథ, కిడ్నీకి ఇప్పుడిప్పుడే ఏదో అవుతోందన్నమాట, అప్పుడు 48 అన్న అంకెను నమ్మడానికి లేదు. కాబట్టి పాత రిపోర్టులు ఇల్లంతా వెతికైనా తీసి డాక్టర్‌కు చూపించండి. రెండేళ్లుగా 1.5, 1.6 దగ్గరే తిరుగుతోందంటే అదీ చెప్పండి.

మామూలు స్కాన్ చాలదా అంటే, కొన్నిటికి చాలు. కిడ్నీలో రాయి, తలకు దెబ్బ తగిలితే రక్తస్రావం, ఇవన్నీ మందు లేకుండానే కనిపిస్తాయి. కానీ లివర్, పాంక్రియాస్, పేగు గోడ, వాటిలో ఉండే గడ్డ, ఇవన్నీ ఎక్స్-రేకి ఇంచుమించు ఒకే బూడిద రంగు. కాంట్రాస్ట్‌లో ఉండే అయోడిన్ ఎక్స్-రే కిరణాలను గట్టిగా పట్టుకుంటుంది, అది రక్తంతో పాటు ఎక్కడికి ఎంత చేరిందో దాన్నిబట్టి గడ్డకూ పక్కనున్న మంచి కండకూ తేడా తెలుస్తుంది. బరువు తగ్గుతున్న మనిషికి భయంతో మందు లేకుండా స్కాన్ తీయించుకుని, ఏమీ లేదు అన్న రిపోర్టుతో ఇంటికెళ్లి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చినవాళ్లను చూశాను. ఆ పోయిన కాలం చాలా ఖరీదైనది అక్కా.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా చిన్నమ్మకు చాలా ఏళ్ల కింద రాళ్ల కోసం వేరే ఊళ్లో సూది వేసి కిడ్నీ ఎక్స్-రే తీశారు, ఐవీపీ అంటారు దాన్ని. అప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఆయాసం వచ్చిందట. ఏదో సూది వేశారు, తగ్గింది, ఇంటికి పంపారు. ఏ కాగితం మీదా ఎవరూ రాసివ్వలేదు. ఆ తర్వాత ఆమెకు కడుపు సీటీ అవసరమై ఒక సెంటర్‌కు తీసుకెళ్లాం, నేను ఆ రోజు తోడుగా వెళ్లి బయట కూర్చున్నాను. లోపల "ఇంతకు ముందు ఈ మందు ఎప్పుడైనా పడిందా, అలర్జీ ఉందా" అని అడిగారు, ఆమె లేదంది. మందు ఎక్కిన మూడు నాలుగు నిమిషాలకే గొంతు పట్టేసి, పెదాలు ఉబ్బి, బీపీ పడిపోయింది. అక్కడి డాక్టర్ వెంటనే తొడకు అడ్రినలిన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ వదిలారు కాబట్టి దక్కింది. రెండు రోజుల తర్వాత "ఆ రాళ్ల ఎక్స్-రే అప్పుడు అట్ల అయిందని ఎందుకు చెప్పలే చిన్నమ్మా" అంటే, "అది ఎక్స్-రే గదా బిడ్డా, ఇది స్కానింగ్" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ రెండింటిలో పడేది ఒకే జాతి మందు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, రోజూ ఈ పనే చేసే నేను కూడా ఇంట్లో కూర్చోబెట్టి అడగలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే మీ నాన్నను "అలర్జీ ఉందా" అని ఒక్క ముక్కలో అడక్కండి, లేదనే అంటారు. గుండెకు యాంజియోగ్రామ్ అయిందా, సూది వేసి తీసిన ఎక్స్-రే ఏదైనా ఉందా, అప్పుడు దురద, వాంతి, దమ్ము ఏమన్నా వచ్చిందా, ఆస్తమా ఉందా, థైరాయిడ్ ఎక్కువగా ఉందని ఎప్పుడైనా చెప్పారా అని విడివిడిగా అడగండి. ముందోసారి రియాక్షన్ వచ్చినా దారులున్నాయి, వేరే కాంట్రాస్ట్ మందుకు మారుస్తారు, స్కాన్‌కు 13 గంటల ముందు నుంచే స్టెరాయిడ్ గోలీలు మొదలుపెడతారు. టేబుల్ మీద పడుకున్నాక గుర్తొస్తే ఆ 13 గంటలు ఎక్కడివి? రొయ్యలు, చేపలు పడవు కాబట్టి ఈ మందు పడదేమో అని కొందరు అడుగుతారు, దానికీ దీనికీ సంబంధం లేదు. రొయ్యల్లో పడనిది వాటిలోని ప్రోటీన్, అయోడిన్ కాదు.

ఇంతా చెప్పానని బెదిరిపోకండి. 1990లో జపాన్‌లో మూడు లక్షలకు పైగా ఇంజెక్షన్లను లెక్కించి ఒక పెద్ద అధ్యయనం అచ్చువేశారు. పాతరకం అయానిక్ మందుతో తీవ్రమైన రియాక్షన్లు పదివేలకు 22, నాన్ అయానిక్ మందుతో 4. ఇప్పుడు సీటీలో నరానికి ఎక్కించేది మామూలుగా ఈ నాన్ అయానిక్ రకమే, అయినా సెంటర్‌లో పేరు అడగడం మీ హక్కు.

షుగర్ గోలీల దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందుకూ కాంట్రాస్ట్‌కూ నేరుగా గొడవేమీ లేదు, మెట్‌ఫార్మిన్ బయటకు పోయేది కిడ్నీల ద్వారా కాబట్టి, ఒకవేళ కిడ్నీ మందగిస్తే అది ఒంట్లో పేరుకుని లాక్టిక్ ఆసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) తెస్తుందన్నది భయం. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉన్నవాళ్లకు, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నవాళ్లకు స్కాన్ రోజు ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెడతారు. 30 నుంచి 60 మధ్య ఉన్నవాళ్లకు, ముఖ్యంగా గుండె బలహీనత, లివర్ జబ్బు, తాగుడు ఉంటే, చాలామంది డాక్టర్లు అలాగే ఆపుతారు. మీ నాన్న ఆ మధ్యలోనే ఉన్నారు కాబట్టి అడగండి, ఆపమంటే ఆ రెండు రోజులు షుగర్‌కు ఆ గోలీ బదులు ఏం వాడాలో కూడా అడగండి. గోలీల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, రెండు మూడు మందులు కలిసిన గోలీలో మెట్‌ఫార్మిన్ ఉందని వాడేవాళ్లకే తెలియదు. ఇంకోటి, తినకుండా రమ్మన్నారని తెల్లవారుజామునే బస్సెక్కి, అలవాటుగా షుగర్ గోలీ మాత్రం వేసుకుని వచ్చి, మా వరండాలోనే చెమటలు పట్టి పడిపోయినవాళ్లున్నారు. ఏ గోలీ వేసుకోవాలి, ఏది మానాలి అన్నది ముందురోజే తేల్చుకోండి. తిండి ఆపమన్నా మంచినీళ్లు సాధారణంగా ఆపరు, గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే బాగా తాగించండి.

ఇంకొకటి మన జిల్లా వాళ్లకు గట్టిగా చెప్పాలి, నొప్పుల గోలీలు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లు వచ్చినప్పుడు ముంజేతి ఎక్స్-రే తీస్తే రెండు ఎముకల నడుమ పొర కూడా సున్నం పట్టి కనిపిస్తుంది, వెన్నెముక తెల్లగా గట్టిపడి ఉంటుంది. అంత నొప్పితో బతికే మనిషి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపులో గోలీ ఏళ్లతరబడి వాడుతుంటారు, ఏం మందులు వాడుతున్నావని అడిగితే మాత్రం "బీపీ గోలీ ఒక్కటే సారూ" అంటారు, నొప్పుల గోలీ వాళ్ల లెక్కలో మందే కాదు. కానీ కిడ్నీకి కాంట్రాస్ట్ కంటే ఎక్కువ చేటు చేసేది చాలాసార్లు అదే. మీ నాన్న కడుపునొప్పికి అలాంటివి వాడుతుంటే ఈ రోజే డాక్టర్‌కు చెప్పండి, 1.6కు కారణం అక్కడే దొరకవచ్చు.

స్కాన్ లోపల ఏమవుతుందో నాన్నకు ముందే చెప్పండి. మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడి, నోట్లో ఇనుప రుచి, మూత్రం పోయినట్టు అనిపించడం మామూలే, నిమిషంలో పోతుంది. సూది దగ్గర మంట, వాపు వస్తే మాత్రం ఓర్చుకోకుండా అరవమనండి. మిషన్ సెకనుకు మూడు నాలుగు ఎంఎల్ చొప్పున తోస్తుంది, నరం బయటకు పోతే చేయి ఉబ్బుతుంది, మేం వెంటనే ఆపాలి. అయిపోయాక బస్సు పోతుందని తొందరపెట్టి చేతి నరానికి పెట్టిన సూది గొట్టం (కాన్యులా) తీయించుకోకండి. తీవ్రమైన రియాక్షన్లలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే వస్తాయి, ఆ అరగంట మా కళ్ల ముందే కూర్చోబెట్టండి. దద్దుర్లు కొందరికి వారం లోపు ఎప్పుడైనా రావచ్చు, వస్తే డాక్టర్‌కు చూపించండి.

ఏమీ కాకపోయినా సరే, ఎక్కించిన మందు పేరు, ఎంత ఎక్కించారు అన్నది రిపోర్టు కవర్ మీద రాయించుకోండి. మా చిన్నమ్మ ఆధార్ కార్డు వెనక ఇప్పుడు ఆ చీటీ ఉంటుంది, పడని మందు పేరు, తేదీ, ఏమైందో రెండు వాక్యాలు. పాత క్రియాటినిన్ రిపోర్టు దొరికితే ఆ అంకె, తేదీ ఇక్కడ రాయండి, ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టి చెప్తాను, అది పట్టుకుని డాక్టర్‌తో మాట్లాడండి.