వాషింగ్ మెషీన్ అమ్మేసే ముందు

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరం అందింది. ఫ్రిజ్, మిక్సీ, వాషింగ్ మెషీన్ అన్నీ అమ్మేసి, ఇకమీదట పనులన్నీ చేత్తోనే చేసుకుంటానన్నావు. నీ పట్టుదల నాకు నచ్చింది. వాషింగ్ మెషీన్ మాత్రం ఇప్పుడే అమ్మకు.

నీ వయసులో నేనూ అదే చేశాను. ఏడాదిపాటు బట్టలన్నీ చేత్తో ఉతికాను. దుప్పట్లు పిండిన రోజు సాయంత్రానికి నడుం పట్టేసేది. ఇక మొక్కలకు నీళ్లు మోసేదెవరు? ఇష్టపడి వేసుకున్న కూరగాయల మడి నా కళ్లముందే ఎండిపోయింది. మన తిండి మనమే పండించుకుందామని మొదలుపెట్టినదాన్ని, ఉతుకుడులో పడి మడినే వదిలేశాను. మీ పెదనాన్న మెషీన్ కొందామంటే నెల రోజులు ఒప్పుకోలేదు కూడా. ఉత్త పౌరుషం!

ఉతకడం మెషీన్‌కి వదిలెయ్, ఆరబెట్టడానికి ఎండ ఉంది. మామూలు బట్టలకు చన్నీళ్లు చాలు. వేడినీళ్లు పెట్టావంటే, ఆ నీళ్లు కాగడానికే కరెంటులో చాలా భాగం పోతుంది.

కరెంటు లెక్క కూడా ఒకసారి వేసుకో. 2000 వాట్ల గీజర్ అరగంట కాగితే ఒక యూనిట్. అదే యూనిట్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 110 గంటలు వెలుగుతుంది. పొదుపని చీకట్లో కూర్చుని, గీజర్ ఆపడం మరిచిపోయేవాళ్లు మనింట్లోనే ఉన్నారు. పేరు చెప్పను.

ఫ్రిజ్ దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. చల్లబడటం లేదని మెకానిక్‌ని పిలిస్తే కంప్రెసర్ పోయిందన్నాడు. నమ్మి కొత్తది కొన్నాను. పాతది బయటికి జరిపితే, వెనక కాయిల్ మీద వేలి మందాన దుమ్ము! ఉత్సాహం ఆగక దులిపి ప్లగ్ పెట్టాను, మర్నాటికి శుభ్రంగా చల్లబడింది. అందుకే చెప్తున్నా, ప్లగ్ తీసేసి అప్పుడప్పుడూ కాయిల్ దులుపు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూడు. జారుతూ సులువుగా వచ్చేసిందంటే రబ్బరు సడలినట్టే. చేత్తో ఉతకడం కన్నా ఈ పనులు నేర్చుకోవడమే నా దృష్టిలో స్వయంసమృద్ధి.

మిక్సీ నెలకోసారి కూడా తీయకపోతే ఎవరికైనా ఇచ్చెయ్.

ఈ ఆదివారం ఒక పని చెయ్. ఫ్రిజ్ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ ఆపెయ్. దాన్ని ఎందుకు వదలమన్నానంటే, తలుపు తీయకపోయినా కరెంటు పోయాక దాని చల్లదనాన్ని 4 గంటలకు మించి నమ్మలేం. పొద్దుట్నుంచి నీ చెయ్యి ఏ స్విచ్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో కాగితం మీద రాసుకుని నాకు పంపు. ఏవి అమ్మాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ