పాత కంప్యూటర్‌లోని మెయిల్స్ కొత్త కంప్యూటర్‌లోకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త కంప్యూటర్ కొన్నాక ఫొటోలు, వర్డ్ ఫైళ్ళు తేలిగ్గానే వచ్చేస్తున్నాయి, మెయిల్స్ దగ్గరే చిక్కు వస్తోందని చాలామంది అడుగుతున్నారు. ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే.

జవాబులు చదివే ముందు మీ మెయిల్ ఏ పద్ధతిలో వస్తోందో చూసుకోండి. ఔట్‌లుక్‌లో 'ఫైల్', 'అకౌంట్ సెట్టింగ్స్'లోకి వెళ్తే అకౌంట్ పేరు పక్కనే పాప్ అనో ఐమ్యాప్ అనో ఉంటుంది. ఐమ్యాప్ అయితే అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మీ కంప్యూటర్‌లో ఉన్నది నకలు. పాప్ అయితే మెయిల్ మీ డిస్క్‌లోకి దిగిపోయి ఉంటుంది. సర్వర్‌లో దాని కాపీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కింది జవాబులన్నీ ఈ తేడా మీదే నడుస్తాయి.

ప్రశ్న: మాది ఆడిటర్ ఆఫీసు. సొంత డొమైన్ మెయిల్, ఔట్‌లుక్ 2013, పాప్ అకౌంట్. 2011 నుంచి వచ్చిన మెయిల్స్ అన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి, సైజు 14 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా కాపీ చేయబోతే 'ఫైలు మరీ పెద్దది' అంటోంది. దీన్ని కొత్త విండోస్ 11 కంప్యూటర్‌లోకి ఎలా తేవాలి?
(గుంటూరు)

జవాబు: పెన్‌డ్రైవ్‌లో చోటు సరిపోకపోవడం కాదు సమస్య. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచుకుని, దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఫార్మాట్'లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుందని మరవకండి.

ఇప్పుడు ఫైలు సంగతి. 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'డేటా ఫైల్స్' ట్యాబ్ తెరిస్తే పీఎస్‌టీ ఫైళ్ళు (ఔట్‌లుక్ మెయిల్స్ దాచే ఫైళ్ళు) ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో కనిపిస్తుంది. ఒక్కటే ఉందని అనుకోకండి. ఔట్‌లుక్‌లో ఆటో ఆర్కైవ్ ఆన్‌లో ఉంటే పాత మెయిల్స్‌ను ఆర్కైవ్ అనే వేరే పీఎస్‌టీలోకి జరిపేస్తుంది. ఏళ్ళ నాటి మెయిల్స్ సరిగ్గా అక్కడే మిగిలిపోతాయి. జాబితాలో కనిపించిన ప్రతి పీఎస్‌టీనీ తీసుకోవాలి. జాబితాలోంచి ఎప్పుడో తీసేసినవి కూడా ఉండవచ్చు కాబట్టి డిస్క్ మొత్తం మీద పీఎస్‌టీ అని ఒకసారి వెతికించండి.

కాపీ చేసే ముందు ఔట్‌లుక్ మూసేయండి. కిటికీ మూసినా లోపల నడుస్తూ ఉండవచ్చు, టాస్క్ మేనేజర్‌లో చూసుకోండి. ఔట్‌లుక్ నడుస్తుంటే ఆ ఫైలు లాక్ అయి ఉంటుంది.

పీఎస్‌టీలో మెయిల్స్‌తో పాటు మీ పాప్ అకౌంట్ కాంటాక్టులు, క్యాలెండర్ కూడా వస్తాయి. రానివి రెండున్నాయి. ఒకటి, మెయిల్ చివర దానంతటదే చేరే సంతకాలు. రన్ పెట్టెలో (విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కితే వస్తుంది) శాతం గుర్తు, యాప్‌డేటా, మళ్ళీ శాతం గుర్తు ఇంగ్లిష్‌లో కొట్టి, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని సిగ్నేచర్స్ ఫోల్డర్‌ను తీసుకోండి. రెండోది అకౌంట్ పాస్‌వర్డ్. ఔట్‌లుక్ దాచుకున్న పాస్‌వర్డ్ వేరే కంప్యూటర్‌కు రాదు. ఏళ్ళుగా ఎవరూ కొట్టని పాస్‌వర్డ్ గుర్తుంటుందన్న నమ్మకం ఉండదు కనుక, మీ హోస్టింగ్ ప్యానెల్‌లో ముందే కొత్తది పెట్టుకోండి. వచ్చిన మెయిల్స్‌ను వాటంతటవే సర్దే రూల్స్ ఆఫీసులో ఎక్కువ రాసి ఉంటే 'మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్'లో 'ఆప్షన్స్' నొక్కి వాటినీ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

కొత్త కంప్యూటర్‌లో ముందుగా చూడాల్సింది ఏ ఔట్‌లుక్ ఉందన్నది. విండోస్ 11తో పాటు వచ్చే 'కొత్త ఔట్‌లుక్' వేరు, ఆఫీస్‌తో వచ్చే క్లాసిక్ ఔట్‌లుక్ వేరు. పీఎస్‌టీలో రోజూ పని చేయాలంటే క్లాసిక్ కావాలి.

పీఎస్‌టీని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెట్టవద్దు. కొత్త విండోస్‌లలో ఆ ఫోల్డర్ చాలాసార్లు వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటుంది. ఉచిత వన్‌డ్రైవ్ 5 జీబీ మాత్రమే, మీ ఫైలు 14 జీబీ. పైగా ఔట్‌లుక్ తెరిచిన ఫైలును వన్‌డ్రైవ్ సింక్ చేయాలని చూస్తుంటే రెండూ పోట్లాడుకుని ఫైలు చెడే ప్రమాదం ఉంది. నెట్‌వర్క్ డ్రైవ్‌లోనూ వద్దు. డీ డ్రైవ్ ఉంటే అందులో, లేకపోతే సీ డ్రైవ్‌లోనే 'మెయిల్' అని విడిగా ఒక ఫోల్డర్ చేసి అక్కడ పెట్టండి.

ఇక అకౌంట్. ఔట్‌లుక్ తెరవకుండానే కంట్రోల్ ప్యానెల్‌లో 'మెయిల్' తెరిచి, కొత్త అకౌంట్, మాన్యువల్ సెటప్, పాప్ ఎంచుకోండి. అదే తెరలో కొత్త మెయిల్స్ ఎక్కడ చేరాలని అడుగుతుంది. అక్కడ 'ఎగ్జిస్టింగ్ ఔట్‌లుక్ డేటా ఫైల్' ఎంచి మీ పీఎస్‌టీని చూపించండి. చాలామంది ముందు ఖాళీ ఫైలుతో అకౌంట్ చేసుకుని, తర్వాత పాతదాన్ని 'ఇంపోర్ట్' చేస్తారు. 14 జీబీకి దానివల్ల గంటలు పడుతుంది, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలెట్టినప్పుడు కొన్ని మెయిల్స్ రెండేసి వస్తాయి. ఉన్న ఫైలునే నేరుగా వాడటం మేలు. సైజు గురించి బెంగ అక్కర్లేదు, ఔట్‌లుక్ 2010 నుంచి పీఎస్‌టీ 50 జీబీ దాకా వెళ్ళవచ్చు.

పోర్టులు మామూలుగా పాప్‌కు 995, పంపడానికి 465 లేదా 587. పంపే సర్వర్‌కూ పాస్‌వర్డ్ కావాలన్న గడిలో టిక్ పెట్టండి. అది మరిస్తే మెయిల్స్ వస్తాయి గానీ, మీరు పంపేవి వెళ్ళవు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. పాత కంప్యూటర్‌లో అకౌంట్ అలాగే ఉంచి రెండూ నడిపితే, ఏది ముందు దించుకుంటే మెయిల్ దానిలోకి పోతుంది. క్లయింటు పంపిన నోటీసు పాత కంప్యూటర్‌లో చిక్కుకుని మీకు తెలియకుండా గడువు దాటిపోవచ్చు. పాతదానిలో అకౌంట్ తీసేయండి, లేదా రెండిటిలోనూ 'సర్వర్‌లో కాపీ ఉంచు' అన్న ఎంపిక పెట్టండి. ఆ ఎంపిక ఇప్పటికే పెట్టి ఉంటే కొత్త కంప్యూటర్ సర్వర్‌లో ఉన్నవన్నీ మళ్ళీ దించుతుంది. ఏవి ఇదివరకే వచ్చాయో కొత్త అకౌంట్‌కు తెలియదు. అప్పుడు ఇన్‌బాక్స్‌లో రెండేసి కనిపిస్తే కంగారు పడకండి.

చివరగా లెక్క సరిచూడండి. ఒక్కో ఫోల్డర్ తెరిస్తే కింద అంచున ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో చూపిస్తుంది. ఇన్‌బాక్స్, సెంట్ ఐటమ్స్, పెద్ద క్లయింట్ల ఫోల్డర్ల సంఖ్యలు రెండు కంప్యూటర్లలోనూ రాసుకుని పోల్చండి. వెతికితే దొరకడం లేదని మెయిల్ పోయిందని అనుకోవద్దు. ఇంత పెద్ద ఫైలుకు విండోస్ ఇండెక్స్ (వెతకడానికి వాడే సూచిక) తయారు చేయడానికి చాలా గంటలు పడుతుంది. తెరవగానే తప్పు చూపిస్తే ఆఫీస్ ఫోల్డర్‌లో ఉండే స్కాన్‌పీఎస్‌టీ అనే ప్రోగ్రాముతో బాగుచేయవచ్చు. అది అసలు ఫైలునే మారుస్తుంది కాబట్టి ఇంకో కాపీ మీదే నడపండి.

ప్రశ్న: నేను టీచర్‌ని. జీమెయిల్‌ను క్రోమ్‌లోనే చూస్తాను. కొత్త ల్యాప్‌టాప్ కొంటే పాత మెయిల్స్ పోతాయా?
(హన్మకొండ)

జవాబు: పోవు. మీ మెయిల్స్ ల్యాప్‌టాప్‌లో లేవు, గూగుల్ దగ్గరే ఉన్నాయి. పాతది ఇచ్చేసే ముందు మాత్రం రెండు పనులు చేయండి. అకౌంట్‌కు ఇచ్చిన రికవరీ ఫోన్ నంబర్ ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేనా చూసుకోండి. పాస్‌వర్డ్ క్రోమ్‌కే తప్ప మీకు గుర్తు లేకపోతే ఇప్పుడే మార్చి రాసిపెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లో అకౌంట్ తెరిచాక, గూగుల్ అకౌంట్ 'సెక్యూరిటీ' పేజీలో మీ పరికరాల జాబితా నుంచి పాతదాన్ని సైన్ అవుట్ చేయండి.

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో పాప్ మెయిల్స్ ఉన్నాయి. మొత్తం సెటప్ మారకుండా కొత్త కంప్యూటర్‌లోకి రావాలి. ఒక మిత్రుడి కంప్యూటర్‌లో పెట్టి చూస్తే కస్టమర్లు 'అను' ఫాంట్లలో పంపిన తెలుగు ఫైళ్ళు పిచ్చి గీతల్లా కనిపించాయి. కాపీ చేసేటప్పుడు ఫైళ్ళు చెడిపోయాయా?
(రాజమహేంద్రవరం)

జవాబు: ఈ పనిలో థండర్‌బర్డ్ ఔట్‌లుక్ కంటే నయం. మెయిల్స్, అకౌంట్లు, అడ్రస్ బుక్, ఫిల్టర్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఒకే ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉంటాయి. 'హెల్ప్', 'మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్'లో 'ప్రొఫైల్ ఫోల్డర్' ఎదుట ఉన్న 'ఓపెన్ ఫోల్డర్' నొక్కితే అది తెరుచుకుంటుంది. థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయండి. 'టూల్స్'లో ఎక్స్‌పోర్ట్ కూడా ఉంది గానీ ప్రొఫైల్ 2 జీబీ దాటితే అది పనికిరాదు.

కొత్త కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అదే వెర్షన్ గానీ అంతకంటే కొత్తది గానీ వేయండి. కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనివ్వదు. రన్ పెట్టెలో థండర్‌బర్డ్ పేరు, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, పెద్ద 'పీ' అక్షరం ఇంగ్లిష్‌లో కొడితే ప్రొఫైల్ మేనేజర్ వస్తుంది. కొత్త ప్రొఫైల్ సృష్టించి, 'చూజ్ ఫోల్డర్' నొక్కి మీరు తెచ్చిన ఫోల్డర్‌ను చూపించండి. ఏ మెయిల్స్ ఇదివరకు దిగాయో రాసుకునే పాప్‌స్టేట్ ఫైలు కూడా అందులోనే ఉంటుంది కనుక, మెయిల్స్ రెండేసి రావు.

ఇంత చేసినా ఫోల్డర్లు ఖాళీగా కనిపిస్తే కారణం సాధారణంగా రెండిటిలో ఒకటి. ఎవరైనా ఒకప్పుడు మెయిల్స్‌ను డీ డ్రైవ్‌లో పెట్టి ఉంటే అవి ప్రొఫైల్ బయట ఉంటాయి. పాత కంప్యూటర్‌లో 'అకౌంట్ సెట్టింగ్స్', 'సర్వర్ సెట్టింగ్స్'లో అడుగున 'లోకల్ డైరెక్టరీ' ఏం చూపిస్తోందో చూడండి. అక్కడ వేరే దారి ఉంటే ఆ ఫోల్డర్‌నూ తెచ్చుకోవాలి. అది కాకపోతే ఇండెక్స్ చెడి ఉంటుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'రిపేర్ ఫోల్డర్' నొక్కండి.

ఆ ప్రొఫైల్ ఫోల్డర్ ఎవరి చేతికి దొరికినా మీ మెయిల్సూ పాస్‌వర్డ్‌లూ దొరికినట్టే. ముందే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోండి. పని అయ్యాక పెన్‌డ్రైవ్‌లోని కాపీని తీసేయండి.

ఫైళ్ళు చెడిపోలేదు. 'అను' ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలు కూర్చి ఉంటాయి. మీ మిత్రుడి కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు లేవు కాబట్టి లోపలున్న ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు బయటపడ్డాయి. కొత్త కంప్యూటర్‌లో అవే ఫాంట్లు వేస్తే సరిపోతుంది. ఏ పాత ఫైళ్ళు ఎప్పటికీ కావాలో వాటిని, పాత కంప్యూటర్ బాగా నడుస్తుండగానే ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్‌లుగా కూడా దాచుకోండి. తర్వాత ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి. మెయిల్ లోపలి తెలుగు వాక్యాలే గజిబిజిగా ఉంటే అది వేరే సంగతి. 'వ్యూ' మెనూలో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' నొక్కి చూడండి.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోయింది, హార్డ్‌డిస్క్ బాగానే ఉందన్నారు. ఔట్‌లుక్ ఐమ్యాప్ అకౌంట్. డిస్క్‌లో ఓఎస్‌టీ ఫైలు దొరికింది గానీ కొత్త ఔట్‌లుక్‌లో తెరుచుకోవడం లేదు.
(నిజామాబాద్)

జవాబు: తెరుచుకోదు. ఓఎస్‌టీ ఆ పాత కంప్యూటర్‌లోని అకౌంట్‌తో ముడిపడిన నకలు, దాన్ని వేరేచోట తెరిచే వీలు ఔట్‌లుక్ ఇవ్వదు. మీకు దాని అవసరమూ లేదు. కొత్త కంప్యూటర్‌లో అకౌంట్ జోడిస్తే మెయిల్స్ సర్వర్ నుంచి మళ్ళీ దిగుతాయి. ఐమ్యాప్ పోర్టు 993.

ఐమ్యాప్ అకౌంట్‌లో 'దిస్ కంప్యూటర్ ఓన్లీ' అని పక్కన రాసి ఉన్న కాంటాక్టులు, క్యాలెండర్ మాత్రం సర్వర్‌లో ఉండవు. అవి ఆ ఓఎస్‌టీలోనే ఉండిపోతాయి. అవి తప్పనిసరిగా కావాలంటే ఓఎస్‌టీని మార్చే సాఫ్ట్‌వేర్ వాడాలి. డబ్బు కట్టే ముందు ట్రయల్‌లో మీ కాంటాక్టులు నిజంగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. కంప్యూటర్ ఇంకా నడుస్తున్న పాఠకులు ఈ రెండు ఫోల్డర్లనూ ఇప్పుడే పీఎస్‌టీలోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

డిస్క్‌లో పీఎస్‌టీ కూడా ఉందేమో వెతకండి. సాటా (హార్డ్‌డిస్క్ తగిలించే పద్ధతి) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ చాలు. డెస్క్‌టాప్ 3.5 అంగుళాల డిస్క్ కాబట్టి విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేబుల్ కొనండి, యూఎస్‌బీ కరెంటు దానికి సరిపోదు. పాత యూజర్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదంటుంది, 'కంటిన్యూ' నొక్కండి. డిస్క్ తాళం వేసి ఉందంటే అది బిట్‌లాకర్. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూడండి. ఆ కీ లేకుండా అందులోంచి ఏమీ రాదు. డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే డిస్క్‌ను సరిచేసే చెక్‌డిస్క్ లాంటివి నడపకుండా వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.

ప్రశ్న: కొత్త కంప్యూటర్‌లో పాత ఔట్‌లుక్ 2010 వేశాను. జీమెయిల్, హాట్‌మెయిల్ రెండూ పాస్‌వర్డ్ తప్పంటున్నాయి. బ్రౌజర్‌లో అదే పాస్‌వర్డ్ పనిచేస్తోంది.
(మస్కట్)

జవాబు: పాస్‌వర్డ్ సరైనదే. ఇలాంటి పాత ప్రోగ్రాములు మామూలు పాస్‌వర్డ్‌తో లోపలికి రావడాన్ని వ్యక్తిగత జీమెయిల్‌లో గూగుల్ 2022 మే 30న ఆపేసింది, హాట్‌మెయిల్‌కు మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16న ఆపేసింది. జీమెయిల్‌కు దారి ఉంది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది ఔట్‌లుక్‌లో పెట్టండి. హాట్‌మెయిల్‌కు ఔట్‌లుక్ 2010తో దారి లేదు. ఉచితంగా కావాలంటే థండర్‌బర్డ్ వేయండి. అది బ్రౌజర్ లాంటి కిటికీలో సైన్ ఇన్ అడుగుతుంది, రెండు అకౌంట్లూ పనిచేస్తాయి.

ప్రశ్న: డిస్క్‌లో ఉన్న 6 జీబీ పాత మెయిల్స్‌ను జీమెయిల్‌లోకి ఎక్కిస్తే ఇక ఏ కంప్యూటర్‌లోనైనా చూసుకోవచ్చు కదా?
(విశాఖపట్నం)

జవాబు: చూసుకోవచ్చు. థండర్‌బర్డ్‌లో జీమెయిల్‌ను ఐమ్యాప్‌గా జోడించి, అందులో ఒక కొత్త ఫోల్డర్ చేసి, పాత మెయిల్స్‌ను అందులోకి కాపీ చేయండి. 'మూవ్' చేయవద్దు, మధ్యలో నెట్ పోతే ఏవి చేరాయో తేల్చడం కష్టం. ముందు పది మెయిల్స్‌తో చూసి, తేదీలు, అటాచ్‌మెంట్లు సరిగా ఉన్నాయని తేలాకే మిగతావి మొదలెట్టండి. ఐమ్యాప్ ద్వారా ఎక్కించడానికి గూగుల్ రోజుకు 500 ఎంబీ హద్దు పెట్టింది. ఈ లెక్కన 6 జీబీకి రెండు వారాలు వేసుకోండి. ఏడాదికి ఒక ఫోల్డర్ చొప్పున విడగొట్టుకుంటే ఎంతవరకు వచ్చిందీ తెలుస్తుంది. ఉచిత 15 జీబీలో ఫొటోలు, డ్రైవ్ కూడా కలిసే ఉంటాయి. అందులో 6 జీబీకి చోటు మిగిలి ఉందో లేదో మొదలుపెట్టకముందే చూసుకోండి.