శుక్లం ఆపరేషన్‌కి చుక్కల మందా, సూదా?

మీ నాన్నగారికి ఒక డాక్టరు చుక్కల మందు చాలన్నారు, ఇంకొకరు కంటి కింద సూది తప్పదన్నారు, ఏ మందు మంచిదని అడిగారు. మందు పేరుకన్నా ముందు ఆపరేషన్ ఏ పద్ధతిలో చేస్తారో కనుక్కోండి.

శుక్లాన్ని లోపలే శబ్ద తరంగాలతో ముక్కలు చేసి పీల్చేసే ఫేకో అయితే కోత మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 0.5 శాతం ప్రొపరాకెయిన్ చుక్కలు ఐదేసి నిమిషాలకోసారి రెండు మూడు సార్లు వేస్తే పావుగంట తిమ్మిరి ఉంటుంది. దానికి తోడు 1 శాతం లిగ్నోకెయిన్ అర మిల్లీలీటరు కంటి లోపలికి ఎక్కిస్తే లోపలి గుంజుడు కూడా తెలీదు. ఇది ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనిదే అయి ఉండాలి. పదిమందికి వాడే 30 మి.లీ. జైలోకెయిన్ (లిగ్నోకెయిన్‌కే కంపెనీ పేరు) సీసాలో మిథైల్ పారాబెన్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది, అది నల్లగుడ్డు లోపలి పొరకు చేటు. రెండూ ఒకే మందు కదా అని ఆ సీసాలోంచి తీయడం క్షమించరాని తప్పు.

చుక్కలతో కన్ను కదలడం ఆగదు. చెవుడు, మతిమరుపు ఉండి "లైటు వైపే చూడండి" అన్నా చూడలేని పెద్దవాళ్లకు బ్లాకే, అంటే కంటి చుట్టూ సూదితో మందు ఎక్కించడమే నయం. బాగా ముదిరిన శుక్లానికి ఆరేడు మిల్లీమీటర్ల కోతతో, ఫేకో యంత్రం లేకుండా చేత్తో చేసే ఎస్ఐసీఎస్‌ పద్ధతికీ అంతే.

బ్లాక్‌లో 2 శాతం లిగ్నోకెయిన్, 0.5 శాతం బుపివకెయిన్ సగం సగం కలుపుతారు. మొదటిది నిమిషాల్లో పట్టి గంట రెండు గంటల్లో దిగిపోతుంది. రెండోది నిదానంగా పట్టి గంటల తరబడి ఉంటుంది, పొరపాటున రక్తనాళంలోకి పోతే గుండెకు ప్రమాదం కూడా దానితోనే ఎక్కువ. పావుగంట ఆపరేషన్‌కి నా లెక్కన లిగ్నోకెయిన్ ఒక్కటే చాలు. ఈ రెండింటి మీదే వాదించుకుని, మందు పాకడానికి కలిపే హైలురోనిడేజ్‌ను మరిచిపోతారు. 1500 యూనిట్ల పొడి 30 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 50 యూనిట్లు. అది లేకపోతే మందు సరిగా పాకదు, ఒకేచోట నిలిచి కంటి కండరాన్ని దెబ్బతీయవచ్చు, అప్పుడు ఒకటి రెండుగా కనిపిస్తుంది.

సూది పొడవు 25 మి.మీ. మించకూడదు, గుచ్చేటప్పుడు చూపు తిన్నగా ఉండాలి. పైకీ ముక్కువైపుకీ చూడమనే పాత పద్ధతిలో కంటినరం సరిగ్గా సూది దారిలోకి వస్తుంది. కంటి వెనక రక్తనాళం తెగిందంటే క్షణాల్లో రెప్ప బిగుసుకుంటుంది, గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, వేలితో తాకితే రాయిలా ఉంటుంది. అప్పుడు లెన్స్ సంగతి పక్కనపెట్టాలి. చూపు పోయేలా ఉంటే రెప్ప బయటి మూల కోసి ఒత్తిడి దించాలి, ఆపరేషన్ ఇంకో రోజు చూసుకోవచ్చు. అందుకే రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.

లెన్స్ పవర్ కోసం తీసిన స్కాన్ కాగితంలో ఆక్సియల్ లెంగ్త్ అని ఉంటుంది. అది 26 మి.మీ. దాటితే గుడ్డు పొడవు, సూది గుచ్చుకుపోయే భయం ఉంది. చుక్కలు కుదరకపోతే మొన లేని సన్నని గొట్టంతో (క్యాన్యులా) కంటిగుడ్డు పైపొర కింద మూడు నాలుగు మి.లీ. మందు ఎక్కించే సబ్‌టీనన్స్ పద్ధతి చేస్తారేమో అడగండి.