సింగిల్స్ మానేయనా అని అడిగిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఇరవై రెండేళ్లు నిండాయనీ, టెన్నిస్ సింగిల్స్ ర్యాంకు రెండేళ్లుగా ఉన్నచోటే ఉందనీ, చిన్న టోర్నీల్లో క్వాలిఫయింగ్ (అసలు పోటీకి ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు) దాటడమే గగనమవుతోందనీ, అవే టోర్నీల్లో డబుల్స్‌లో మాత్రం సెమీఫైనల్ దాకా వెళ్తున్నావనీ వ్రాశావు. సింగిల్స్ పూర్తిగా మానేసి డబుల్స్‌నే వృత్తిగా పెట్టుకోనా అని అడిగావు. ముప్పై ఏళ్లు హైదరాబాదు కోర్టుల్లో పిల్లలకు ఆట నేర్పినవాడిగా నా జవాబు ముందే చెప్పేస్తాను. సింగిల్స్ ఇప్పుడే మానవద్దు. డబుల్స్‌ను మాత్రం రేపటినుంచే వేరే విద్యగా సాధన చెయ్యి. ఇది రెండు పడవల ప్రయాణమని మీ అమ్మ అంటుంది. కాదని చెప్పడానికి మీ ఊరివాడి జీవితమే చాలు.

డెన్మార్క్‌లో నువ్వు పెరిగిన లింగ్బీలోనే 1983లో పుట్టిన టెన్నిస్ ఆటగాడు ఫ్రెడరిక్ నీల్సన్‌ను గురించి నీ క్లబ్బులో వినే ఉంటావు. అతని తాత కర్ట్ నీల్సన్ 1953లోనూ 1955లోనూ సీడింగ్ (టోర్నీకి ముందే ప్రకటించే మేటి ఆటగాళ్ల వరుసలో చోటు) లేకుండానే వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్‌కు చేరి రెండుసార్లూ ఓడిపోయాడు. మనవడు 2012లో జొనాథన్ మరే అనే ఇంగ్లీషు ఆటగాడితో జతకట్టి అదే వింబుల్డన్‌కు వెళ్లాడు. ఇద్దరి ర్యాంకులూ కలిపినా నేరుగా చోటు దొరకలేదు. నిర్వాహకులు దయతలచి ఇచ్చిన వైల్డ్ కార్డుతో లోపలికి అడుగుపెట్టారు. సెమీఫైనల్లో డబుల్స్‌లో పేరుమోసిన అమెరికా కవలలు బ్రయన్ సోదరులను ఓడించారు. ఫైనల్లో ఎదురైన లిండ్‌స్టెట్, టెకావ్‌ల జోడీకి అది అక్కడ వరుసగా మూడో ఫైనల్. ఐదు సెట్ల ఆ పోరును 4-6, 6-4, 7-6, 6-7, 6-3తో గెలిచి, వైల్డ్ కార్డుతో వచ్చి వింబుల్డన్ పురుషుల డబుల్స్ గెలిచిన తొలి జోడీగా నిలిచారు. తాత కర్ట్ అంతకు ఏడాది ముందే, 2011 జూన్‌లో కన్నుమూశాడు.

నేను నీకు చెప్పదలచుకున్నది మాత్రం ఆ గెలుపు గురించి కాదు, దాని తరువాత అతను చేసిన పని గురించి. ఆ ఏడాది చివర లండన్‌లో జరిగిన సీజన్ ముగింపు పోటీలో ఆ జోడీ సెమీఫైనల్ దాకా వెళ్లి మన భూపతి, బోపన్నల చేతిలో ఓడింది. మరుసటి ఏడాది నీల్సన్ డబుల్స్ ర్యాంకు 17కు చేరింది. అలాంటి సమయంలో, సింగిల్స్‌లో ఏనాడూ తొలి 150 మందిలోకి రాని ఆ మనిషి, మరేతో జోడీ కొనసాగించకుండా మళ్లీ సింగిల్స్ కోసం చిన్న టోర్నీల బాట పట్టాడు. ఆ వార్త చదివినప్పుడు నేను అతన్ని మనసారా తిట్టుకున్నాను. అన్నం పెట్టే ఆటను వదిలి, పెట్టని ఆట వెంట పడినవాణ్ని తెలివిగలవాడని ఎవరంటారు?

ఆ అభిప్రాయం మార్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. 2019లో మ్యూనిక్‌లో, ముప్పై అయిదేళ్ల వయసులో, అతను టిమ్ ప్యూట్స్‌తో కలిసి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టైటిల్ గెలిచాడు. ఆ ఫైనల్లో ఓడిన ఇద్దరిలో మన దివిజ్ శరణ్ ఒకడు. 2022 మార్చిలో ఢిల్లీ జింఖానా క్లబ్ గడ్డి కోర్టుల మీద మనతో డెన్మార్క్ డేవిస్ కప్ (దేశాల జట్ల మధ్య పోటీ) ఆడినప్పుడు, ముప్పై ఎనిమిదేళ్ల నీల్సన్ డబుల్స్‌లో దిగి, బోపన్న, శరణ్‌ల జోడీని మూడు సెట్లదాకా లాగాడు. అంటే వదిలి వెళ్లిన డబుల్స్ అతని కోసం ఆగింది. బోపన్న సంగతి నీకు తెలిసిందే: 2024 జనవరిలో, నలభై మూడేళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి మొదటి ర్యాంకు అందుకున్నాడు. సింగిల్స్‌కు కాళ్లు కావాలి, కాళ్లకు వయసు ఉంది. డబుల్స్ చేతుల్లోనూ కళ్లలోనూ ఉంటుంది కనుక నీ కోసం ముప్పై ఏళ్ల వరకు వేచి ఉంటుంది. ఈ తేడా ఉన్నందుకే ఇరవై రెండేళ్లకే సింగిల్స్‌కు నీళ్లు వదలవద్దంటున్నాను. మన సానియా మీర్జా సింగిల్స్ మానింది మణికట్టు గాయాల వల్ల, అదీ 27వ ర్యాంకు చూసిన తరువాత. నీ మణికట్టు బాగానే ఉంది కదా.

ఇంకో కారణం ఉంది, ఇది లెక్కకు సంబంధించినది. డబుల్స్‌లో నాలుగు గేములకు ఒకసారే నీ సర్వ్ వస్తుంది; రిటర్న్ కూడా పాయింటు విడిచి పాయింటు వస్తుంది. అందుచేత ఒత్తిడిలో సర్వ్ చేయడం, రిటర్న్ చేయడం అలవాటు కావాలంటే సింగిల్స్ మ్యాచ్‌లే గట్టి పునాది వేస్తాయి. పైగా కింది స్థాయిలో డబుల్స్ బహుమతి సొమ్ము తక్కువ, ఆ తక్కువనే ఇద్దరూ పంచుకోవాలి. దాని మీదే బతుకుతానంటే మీ నాన్న బ్యాంకు ఖాతా మీద బతుకుతానన్నట్టే.

ఇక డబుల్స్‌ను విద్యగా నేర్చుకోవడం అంటే ఏమిటో చెప్తాను. నువ్వు పంపిన వీడియో చూశాను. నీ సర్వ్ వేగం బాగుంది కాని మొదటి సర్వ్ సగంసార్లు నెట్‌కే తగులుతోంది. డబుల్స్‌లో వేగం కన్నా మొదటి సర్వ్ లోపల పడటం ముఖ్యం, ఎందుకంటే రెండో సర్వ్ పడ్డ క్షణాన నెట్ దగ్గర నిలబడ్డ నీ భాగస్వామి వేటగాడి నుంచి వేటగా మారిపోతాడు. వేగాన్ని కొంత తగ్గించి ప్రత్యర్థి శరీరం మీదికీ, మధ్య గీత మీదికీ వేయడం సాధన చెయ్యి. రిటర్న్‌ను ముప్పై ఆరడుగుల వెడల్పు కోర్టు చూసి మురిసిపోయి గీతల పక్కకు కొట్టకు. ముందుకు దూసుకొచ్చే సర్వర్ పాదాల దగ్గర బంతి వాలేలా నెమ్మదిగా, కిందుగా కొట్టు. అతను వంగి పైకి లేపిన బంతి మీ జోడీ సొత్తు. నడిమధ్య వచ్చే బంతి ఎవరిదన్నది మ్యాచ్‌కు ముందే మాట్లాడుకోవాలి, బంతి వచ్చాక కాదు. ఏటీపీ టూర్ డబుల్స్ మ్యాచ్‌లలో డ్యూస్ (గేములో 40-40 సమం) తరువాత ఒకే పాయింటుతో గేము తేలిపోతుంది, ఏ వైపు రిటర్న్ చేయాలో అందుకునే జోడీయే ఎంచుకుంటుంది; ఆ పాయింటు మీలో ఎవరు తీసుకుంటారన్నది కూడా అలాగే ముందే తేల్చుకోండి.

మీ దేశంలో చలికాలమంతా హాలు లోపలే ఆడతారు. అక్కడ గాలి ఉండదు, ఎండ కళ్లలో పడదు, కనుక లాబ్ (తల మీదుగా ఎత్తుగా లేపిన బంతి) కింద నిలబడి స్మాష్ కొట్టడం తేలికని నీకు అనిపిస్తోంది. ఎర్రమట్టి కోర్టులు తెరిచిన మొదటి వారం నుంచీ, ఈదురుగాలి ఉన్న రోజే ఎంచుకుని, రోజుకు యాభై స్మాష్‌లు కొట్టు. విసుగ్గా ఉంటుంది. నేను నేర్పిన పిల్లల్లో ఈ ఒక్క పనినీ మానకుండా చేసినవాళ్లు ఇద్దరే.

భాగస్వామి మాట కాస్త వివరంగా వ్రాయాలి, ఎందుకంటే నేను చెడింది అక్కడే. ఆడే రోజుల్లో నా జోడీవాడు ఒక టోర్నీలో వరుసగా మూడు వాలీలు (నేల తాకకముందే కొట్టే బంతులు) నెట్‌కు కొట్టాడు. నేను పెదవి విప్పలేదు గాని ముఖం తిప్పుకున్నాను. ఆ సాయంత్రమే అంతకన్నా మంచి ర్యాంకున్న ఇంకొకడు పిలిస్తే, బసలో ఒక చీటీ పెట్టి అతన్ని వదిలి వెళ్లిపోయాను. ఆ కొత్తవాడు రెండు నెలలకు నన్నూ అలాగే వదిలాడు. ఆ తరువాత నాతో ఆడటానికి ఎవరూ ఆత్రపడలేదు. లాకర్ గదుల్లో మాట పాకడానికి ఎంతసేపు! అందుచేత భాగస్వామిని ర్యాంకు చూసి మాత్రమే ఎంచుకోకు. నీ సర్వ్ చెడిన రోజున అతని ముఖం ఎలా ఉంటుందో చూసి ఎంచుకో. విడిపోవలసి వస్తే సీజన్ మధ్యలో కాకుండా, ఎదురుగా కూర్చుని, కారణం చెప్పి విడిపో. నీల్సన్ చేసిన పనిలో నేను మొదట గమనించని మంచి అదే: తనకు ఏది కావాలో అతను దాచలేదు.

కనుక రెండేళ్ల గడువు పెట్టుకో. ప్రతి టోర్నీలోనూ సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడు. వారంలో మూడు పూటలు డబుల్స్‌కే కేటాయించు. ఈ సంగతి నీ భాగస్వామికి ఈ వారమే చెప్పు. సింగిల్స్ కోసం నువ్వు కొన్ని వారాలు వేరే ఊరికి పోతావని అతనికి ఇప్పుడే తెలియాలి, టోర్నీకి పేరు ఇచ్చాక కాదు. అతను కాదంటే వేరొకరిని వెతుక్కుందాం. ఒప్పుకుంటే మీ ఇద్దరూ ఆడిన తరువాతి మ్యాచ్ వీడియో పంపు. ఈసారి బంతిని కాదు, పాయింట్ల మధ్య మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో కనిపించేలా తీయించు.

ఇట్లు,
నీ మామయ్య