కంపెనీ బంపర్‌కు చవక వించ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా ఫోర్ వీల్ డ్రైవ్ బండి మనుషులు, సామానుతో కలిపి సుమారు 2500 కిలోలు తూగుతుంది. తక్కువ ధరకు దొరికిందని 9500 పౌండ్ల బరువు లాగే ఎలక్ట్రిక్ వించ్ (దిగబడిన బండిని తాడుతో బయటికి లాగే మోటారు యంత్రం) ఒకటి కొన్నాను. వించ్ కోసమే తయారయ్యే ఇనుప బంపర్ కొనాలంటే వించ్ కంటే దానికే ఎక్కువ ఖర్చవుతోంది. బండితో వచ్చిన బంపర్‌కే నాలుగు రంధ్రాలు వేసి బిగిస్తే చాలునని మా మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: చాలదండీ. మీరు కొన్న వించ్ మాత్రం మీ బండికి సరిపోయేదే. బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగే వించ్ ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. మీకు అది 3750 కిలోలవుతుంది, 9500 పౌండ్లంటే దాదాపు 4300 కిలోలు. చిక్కంతా ఆ 4300 కిలోల లాగుడు చివరికి ఏ ఇనుము మీద పడుతుందన్న దగ్గరే ఉంది.

మనం బంపర్ అని పిలిచేదాంట్లో పైకి కనిపించేది ప్లాస్టిక్ తొడుగు. చాలా బండ్లలో దాని వెనక నురుగు దిమ్మ, ఆ వెనక పలుచని ఉక్కు రేకును మడిచి చేసిన అడ్డకమ్మి, ఆ కమ్మికీ ఛాసిస్‌కూ (బండి అడుగున ఉండే ఉక్కు చట్రానికీ) నడుమ రెండు చిన్న పెట్టెల్లాంటి భాగాలు ఉంటాయి. బండి దేనికైనా గుద్దుకున్నప్పుడు ముందుగా నలిగిపోయి, దెబ్బ బలాన్ని మింగడమే ఆ పెట్టెల పని. ఎదురు నుంచి వచ్చే తోపుడుకు తగినట్టు నలగడానికి చేసిన వస్తువును ముందుకు పట్టి లాగుతూ, అది నలగకుండా, వంగకుండా నిలవాలని కోరుకోవడం దాన్ని చేసినవాళ్లు ఊహించని పని. పైగా బండి బురదలో దిగబడినప్పుడు చెట్టు ఎప్పుడూ సరిగ్గా ఎదురుగానే ఉండదు. తాడు పక్కకు వాలిందంటే భారంలో పెద్ద వాటా ఒకవైపు బోల్టుల మీదే పడుతుంది. ఇలా బిగించిన బండి ఒకదాన్ని నేను దగ్గర నుంచి చూశాను. మూడు నాలుగు లాగుళ్లకే అడ్డకమ్మి విల్లులా ముందుకు వంగింది, గుండ్రంగా వేసిన రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. వించ్‌కు మాత్రం గీత కూడా పడలేదు.

అలాగని ఇనుప బంపర్ కొనక తప్పదని కాదు. కంపెనీ బంపర్‌ను అలాగే ఉంచి, దాని వెనక ఛాసిస్ రెండు కొసలకూ బిగిసే ఉక్కు పళ్లెం ఒకటి పెట్టి, వించ్‌ను ఆ పళ్లెం మీద కూర్చోబెట్టవచ్చు. మీ బండి మోడల్‌కే చేసినది దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. దొరకనప్పుడు అనుభవం ఉన్న ఫ్యాబ్రికేటర్ చేత చేయించవచ్చు. సాధారణంగా 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు వాడతారు, అంచులు మడిచో పట్టీలు వెల్డింగ్ చేసో దానికి బిగువు తెస్తారు. ఈ తరగతి వించ్‌లలో ఎక్కువ భాగానికి నాలుగు బోల్టుల మధ్య దూరం అడ్డంగా 254, నిలువుగా 114.3 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి రెడీమేడ్ పళ్లెం కొన్నా రంధ్రాలు కలుస్తాయి. అయినా కొనేముందు మీ వించ్‌ను కొలిచి చూసుకోండి, ముఖ్యంగా దాని పాదాలు కిందికి ఆనాలా, ముందుకు ఆనాలా అన్నది.

ఛాసిస్‌కు బిగించేటప్పుడు బండిని లాగడానికి కంపెనీ ఇచ్చిన కొక్కేల బోల్టు రంధ్రాలు దొరికితే వాటినే వాడుకోవడం మేలు. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఛాసిస్ కమ్మి లోపల బోలుగా ఉంటుంది. బోల్టును ఈ గోడ నుంచి ఆ గోడకు దూర్చి బలంగా బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, అవి నొక్కుకున్న కొద్దీ బిగువు వదులవుతుంది. అందుకని రెండు గోడల నడుమ కచ్చితమైన పొడవు గల గొట్టం ముక్క పెట్టి, దాని గుండా బోల్టును పంపాలి. బోల్టు తల మీద 8.8 అని, అంటే దాని బలాన్ని చెప్పే గుర్తు, అచ్చు ఉందో లేదో చూడండి. ఏ గుర్తూ లేని బోల్టులు వించ్ డబ్బాలోనే వచ్చినా సరే, పక్కన పడేసి మంచివి కొనండి. వించ్‌లో పొదుపు చేసిన డబ్బును ఖర్చుపెట్టవలసిన చోటు ఇదే. మీ బండికి విడి ఛాసిస్ లేకుండా బాడీ అంతా ఒకే పెంకుగా ఉంటే మాత్రం సొంత ఫ్యాబ్రికేషన్ జోలికి పోకండి.

బంపర్ వెనక దాచి పెట్టడంలో కొన్ని చిన్న ఇబ్బందులున్నాయి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఆ చుట్టుపక్కలే ఉండవచ్చు, వాటిని కదపకూడదు, వాటికి ఏదీ అడ్డం రాకూడదు. వించ్ శరీరం రేడియేటర్‌కు వెళ్లే గాలిని కొంత ఆపుతుంది, కాబట్టి ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లును గమనించండి. ఇనుప తాడుతో కలిపి వించ్ 40 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, పళ్లెం బరువు దానికి అదనం. ముందు స్ప్రింగులు ఇదివరకే మెత్తబడి ఉంటే బండి ముక్కు కిందికి వాలుతుంది. వీటన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది క్లచ్ లివర్. తాడును చేత్తో వదులుగా లాగాలంటే ఆ లివర్‌ను తిప్పాలి. బంపర్ పూర్తిగా బిగించాక లోపలికి చేయి దూరక, మళ్లీ అంతా విప్పినవాళ్లను నేనెరుగుదును. చాలా వించ్‌లలో గేర్‌బాక్స్ బోల్టులు తీసి లివర్ చేతికి అందే వైపు తిప్పి బిగించుకునే వీలుంది. ఆ పని వించ్ బల్ల మీద ఉండగానే చేయండి.

ప్రశ్న: వించ్‌తో వచ్చిన కేబుళ్లు బ్యాటరీ దాకా చాలడం లేదు. బజారులో దొరికే మామూలు వైరుతో పొడిగించవచ్చా? ఫ్యూజు అవసరమా?

జవాబు: పూర్తి భారం పడినప్పుడు 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. వచ్చి వెళ్లే దూరం కలిపి 4 మీటర్ల రాగి కేబులు అనుకుందాం. 16 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే దారిలోనే సుమారు 1.7 వోల్టులు పోతాయి, కేబులు దాదాపు 700 వాట్ల వేడిని కక్కుతుంది, అంటే చిన్న ఇస్త్రీపెట్టె ఒకటి బానెట్ కింద వెలుగుతున్నట్టే. అదే 35 చదరపు మిల్లీమీటర్లయితే నష్టం 0.8 వోల్టుకు దిగుతుంది. కాబట్టి అతుకులు పెట్టకుండా, తగిన మందం ఉన్న ఒకే కేబులును కొత్తగా వేయించి, చివర్ల లగ్గులను (బోల్టుకు బిగించే లోహపు కొసలను) ప్రెస్సుతో నొక్కించండి. నెగటివ్‌ను బాడీకి ఆనించి సరిపెట్టకుండా నేరుగా బ్యాటరీకే తీసుకువెళ్లాలి. కేబులు ఇనుప అంచును దాటే ప్రతిచోటా రబ్బరు తొడుగు ఉండాలి, ఎందుకంటే ఒరిపిడికి ఇన్సులేషన్ పోతే నిప్పు పుట్టడానికి క్షణం చాలు.

ఫ్యూజు మాట ఎలా ఉన్నా, పాజిటివ్ కేబులులో బ్యాటరీకి దగ్గరగా చేతికందే చోట భారీ ఐసొలేటర్ స్విచ్చు (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్చు) తప్పక పెట్టించండి. తక్కువ ధర వించ్‌లలో తొందరగా పాడయ్యేది కరెంటును కలిపి విడదీసే కాంటాక్టరు. దాని లోపలి ముఖాలు నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోయాయంటే రిమోట్ బటన్ వదిలినా తాడు చుట్టుకునే డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, కొక్కెం వచ్చి బంపర్‌ను ఢీకొన్నా ఆగదు. అప్పుడు మిమ్మల్ని ఆదుకునేది ఆ స్విచ్చే. వించ్ వాడని రోజుల్లో దాన్ని ఆపి ఉంచితే గుద్దుకున్నప్పుడు కేబులు నలిగినా ప్రమాదం ఉండదు. కాంటాక్టర్ పెట్టె మూత ఒకసారి విప్పి, రబ్బరు అంచుకు సిలికాన్ గ్రీజు రాసి మూయండి. పెట్టెను నీళ్లు చిమ్మని ఎత్తులో బిగించుకోగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: పక్కనే ఉన్న చెట్టుకు కట్టి లాగితే నా 9500 పౌండ్ల వించ్ మూలిగి ఆగిపోయింది. పెట్టె మీది అంకె అబద్ధమా?

జవాబు: కాకపోవచ్చు. ఆ అంకె డ్రమ్ము మీద తాడు ఒక్క వరస మాత్రమే ఉన్నప్పటిది. వరస మీద వరస పేరుకున్న కొద్దీ డ్రమ్ము లావెక్కినట్టవుతుంది, ఒక్కో వరసకు బలం పది నుంచి పదిహేను శాతం దాకా తగ్గుతూ పోతుంది. చెట్టు దగ్గరగా ఉంది కాబట్టి మీ తాడు చాలావరకు డ్రమ్ము మీదే ఉండి ఉంటుంది. దూరపు చెట్టును ఎంచుకోండి, లేదా తాడును చెట్టు దగ్గర పుల్లీ గుండా తిప్పి కొక్కేన్ని మళ్లీ బండికే తగిలించండి. వేగం సగమవుతుంది, బలం దాదాపు రెట్టింపవుతుంది. ఆ కొక్కేన్ని ఛాసిస్ మీది లాగుడు కొక్కేనికే తగిలించాలి తప్ప వించ్ పళ్లేనికి గానీ బంపర్‌కు గానీ తగిలించకూడదు. చెట్టుకు చుట్టిన పట్టీ మీదా, పుల్లీని దానికి కలిపే షాకిల్ (ఇనుప కొలికి) మీదా రెండు పాయల భారం కలిసి పడుతుందని మరవకండి. బ్యాటరీ నీరసంగా ఉన్నా వించ్ ఇలాగే మూలుగుతుంది కనుక ఇంజను ఆన్‌లో ఉంచి, ఒక నిమిషం లాగి కొన్ని నిమిషాలు మోటారును చల్లారనివ్వండి.

ప్రశ్న: ఇనుప తాడా, సింథటిక్ తాడా?

జవాబు: రాళ్ల మీద ఒరుసుకునే చోట్ల ఎక్కువగా తిరిగేవారికి ఇనుపదే మన్నుతుంది. అది తెగితే కొరడాలా విసురుతుంది, తెగిన తీగ ముళ్లు అరచేతిలో దిగుతాయి, కాబట్టి తోలు చేతితొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, లాగేటప్పుడు తాడు నడుమ బరువైన గుడ్డ వేయండి. సింథటిక్ తేలిక, తెగినా విసురు తక్కువ, అయితే ఎండకూ ఇసుకకూ అరుగుతుంది. చవక వించ్‌లలో వించ్ బ్రేకు, తాడు చుట్టే డ్రమ్ము లోపలే ఉంటుంది కనుక భారంతో తాడును చాలాసేపు వదిలితే డ్రమ్ము వేడెక్కి సింథటిక్ పోగులు కరిగే ప్రమాదమూ ఉంది. ఇనుప తాడు నుంచి సింథటిక్‌కు మారితే తాడు బయటికి వచ్చే చోట ఉండే రోలర్లు తీసేసి నున్నని అల్యూమినియం ముఖద్వారం పెట్టండి. ఇనుప తీగ గీతలు పడిన పాత రోలర్లు కొత్త తాడును రంపంలా కోస్తాయి.

ఏ తాడైనా కొత్తలో అలాగే వాడేయకండి. చదునైన నేల మీద ఇనుప తాడుకు ఐదు చుట్లు, సింథటిక్‌కైతే ఎనిమిది పది చుట్లు డ్రమ్ము మీద మిగిలేలా బయటికి తీసి, కొక్కేన్ని గట్టి ఆధారానికి కట్టి, బండి బ్రేకు కొద్దిగా నొక్కి పట్టి, బండి మెల్లగా ముందుకు జరిగేలా లాగుతూ వరసలు పక్కపక్కనే పడేటట్టు చుట్టండి. తాడు డ్రమ్ము మీద తయారీదారు గుర్తు పెట్టిన వైపు నుంచే రావాలి, ఎక్కువ వించ్‌లలో అది కింది వైపు. తిరగేసి చుడితే వించ్ బ్రేకు పట్టదు. చుట్టడం పూర్తయ్యాక పళ్లెం బోల్టులన్నిటినీ టార్క్ రెంచితో (బిగువును కొలిచే రెంచితో) మరోసారి బిగించి, ఒక్కోదాని తల మీదుగా ప్లేటు దాకా పెయింటుతో గీత గీయండి. తర్వాత ఏ లాగుడుకైనా ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తే బోల్టు కదిలిందని అర్థం.