ఇల్లు తనఖా పెట్టి ఎంఎస్‌కు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉంది. జంతువుల కంటి స్పెషలిస్టు కావాలని పట్టుదల. అమెరికాలో ఎంఎస్‌కు 40 లక్షల లోను ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. ఉప్పల్‌లోని ఇల్లు తనఖా పెట్టాలి. ఎఫ్‌డీలు 14 లక్షలు. నాకింకా 5 ఏళ్ల సర్వీసుంది.

జవాబు: ఇంటి పత్రాలు బీరువా దాటనివ్వకండి. అమ్మాయి కోరిక మంచిదే, ఎంచుకున్న దారే అక్కడికి చేర్చదు. ఎంఎస్ పరిశోధన డిగ్రీ. అమెరికాలో కంటి స్పెషలిస్టు అనిపించుకోవాలంటే ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన కనీసం 3 ఏళ్ల రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ), తర్వాత అక్కడి జంతు కంటి వైద్యుల సంస్థ ఏసీవీఓ బోర్డు పరీక్ష. రెసిడెన్సీలో మామూలుగా వాళ్లే జీతమిస్తారు, కాకపోతే తక్కువ. సీట్లు బహు కొద్ది. పైగా మన డిగ్రీతో అక్కడ లైసెన్సు రావాలంటే ఈసీఎఫ్‌వీజీ (విదేశాల్లో చదివిన పశువైద్యుల అర్హత తేల్చే విధానం) లాంటి పరీక్షలు దాటాలి. అందులో ఖరీదైనది చేతల పరీక్ష. సర్జరీ, మత్తు, ఎక్స్‌రేలతో పాటు గుర్రాలు, పాడి పశువులు, పోస్ట్‌మార్టం కూడా ఉంటాయి. కుక్కలు, పిల్లుల మీదే చేయి తిరిగినవాళ్లు గుర్రం దగ్గర తడబడితే మళ్లీ ఫీజు, మళ్లీ ప్రయాణం.

ఇక లోను లెక్క. 10.5 శాతం వడ్డీతో 40 లక్షలూ మొదట్లోనే విడుదలైతే, చదువు 2 ఏళ్లు, వాయిదాలు కట్టనక్కర్లేని మారటోరియం ఏడాది గడిచేసరికి బాకీ 52.6 లక్షలు. 10 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 71 వేలు. అది మొదలయ్యేది సరిగ్గా అమ్మాయి చిన్న జీతంతో ఇంటర్న్‌గా, రెసిడెంట్‌గా ఉండే రోజుల్లో. ముగిసేది మీరు రిటైరైన 8 ఏళ్లకు.

ముందు ఇక్కడే ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) సర్జరీ, రేడియాలజీ చేయించండి. 2 ఏళ్లు. థీసిస్ కంటి అంశం మీదే తీసుకోమనండి. రేపు రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టినా, ఇక్కడే క్లినిక్ తెరిచినా అది పనికొస్తుంది. డబ్బు తగ్గితే 4 లక్షల లోపు విద్యారుణం చాలు, దానికి మామూలుగా తనఖా అడగరు. చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ కడితే చాలా బ్యాంకులు రేటులో 1 శాతం తగ్గిస్తాయి. అడిగి రాయించుకోండి.

14 లక్షల్లో 6 లక్షలు ఇంటి అత్యవసరాలకు, కదపొద్దు. 3 లక్షలు ఎంవీఎస్సీ ఖర్చులకు. మరో 3 లక్షలతో బయటి దేశపు కంటి ఆస్పత్రిలో 4 వారాలు చూసి రానివ్వండి. రెసిడెన్సీ తనకు సరిపడుతుందో లేదో అక్కడే తేలుతుంది. మిగిలిన 2 లక్షలు రేపటి క్లినిక్ పరికరాల తొలి వాయిదా.

పరికరాల్లో ముందు స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే దీపం), టోనోమీటర్ (కంటి ఒత్తిడి కొలిచేది), షిర్మర్ స్ట్రిప్పులు (కన్నీరు కొలిచే కాగితపు పట్టీలు). రీబౌండ్ రకం టోనోమీటర్ కొంటే కంటికి తాకించే ప్రోబులు నెలనెలా ఖర్చు, మిషన్ ధరతో పాటు వాటి ధరా అడగండి. షిర్మర్ స్ట్రిప్పును కింది రెప్పలో 1 నిమిషం ఉంచితే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 15 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ తడుస్తుంది, 10 లోపైతే కన్ను ఎండుతున్నట్టే. అపార్ట్‌మెంట్లలో పెంచే పగ్, షిట్‌జూల్లో ఈ జబ్బు ఎక్కువ, మందు జీవితాంతం వేయాలి. క్లినిక్ తొలి ఏళ్లలో నిలబడేది ఇలాంటి కేసుల మీదే. శుక్లం తీసే ఫాకో మిషన్‌కు తొందరలేదు. ఆపరేషన్‌కు ముందు ఈఆర్‌జీతో (రెటీనా విద్యుత్ స్పందన కొలిచే పరీక్ష) రెటీనా పనిచేస్తోందో లేదో చూడాలి. అది దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా చూపు రాదు. కాబట్టి ఫాకో ఒక్కటే కొని లాభం లేదు, ఈఆర్‌జీ, ఆపరేషన్ మైక్రోస్కోపు కూడా ఉండాలి. ఆ మూడింటికీ వచ్చే కేసులు నెలకెన్నో లెక్క తేలాకే లోను ఆలోచించండి, అదీ అమ్మాయి పేరున, క్లినిక్ ఆదాయం చూపించి.