ఎడారి కీటకాలపై పరిశోధన: ఫిజిక్స్ లేకుండా కుదురుతుందా?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది, జువాలజీ చదువుతున్నాను. ఎడారి కీటకాలు వేడిని, నీటి కొరతను ఎలా తట్టుకుంటాయో పరిశోధించాలని ఉంది. ఫిజిక్స్, లెక్కలంటే భయం. అవి లేకుండా కుదురుతుందా?

జవాబు: కుదరదు. కానీ ఆ భయంతో ఈ రంగాన్ని వదులుకోకండి. ఇక్కడ చాలా ప్రశ్నలు చివరికి నీటి లెక్క దగ్గరికే వస్తాయి: ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏ దారిన పోయింది?

కీటకం చిన్నది. బరువుతో పోలిస్తే దాని ఉపరితలం చాలా ఎక్కువ, కాబట్టి ఇట్టే ఎండిపోవాలి. అలా జరగకుండా ఆపేది ముఖ్యంగా ఒంటిమీది పలుచని మైనం పొర. అది కరిగే వేడికి చేరితే నీరు ఒక్కసారిగా పోవడం మొదలవుతుంది. ఆ మైనంలో ఏ హైడ్రోకార్బన్లు (కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు) ఉన్నాయో, మిశ్రమాన్ని విడదీసి చూపే గ్యాస్ క్రొమాటోగ్రఫీతో తెలుస్తుంది. సహారా వెండి చీమ వెంట్రుకలు ఎండను తిప్పికొడుతూనే ఒంటి వేడిని పరారుణ కిరణాలుగా వదలడానికీ తోడ్పడతాయని 2015లో తేలింది. ఆప్టిక్స్ (కాంతి శాస్త్రం) రాకపోతే ఆ పని సాగేది కాదు.

ఇప్పటినుంచే కొలవడం నేర్చుకోండి. టెనెబ్రియో మోలిటర్ అనే పెంకుపురుగు పెంచడం తేలిక, నమీబ్ ఎడారి నల్ల పెంకుపురుగుల కుటుంబానిదే. పది పురుగులను ఆహారం లేకుండా, తేమను పీల్చే సిలికా జెల్ వేసి మూత గట్టిగా బిగించిన సీసాలో వల మీద ఉంచండి. మరో పదింటిని ఉప్పు సంతృప్త ద్రావణం ఉన్న సీసాలో పెట్టండి. అక్కడ గాలిలో తేమ సుమారు 75 శాతం ఉంటుంది. ఉష్ణోగ్రత రెండింటికీ ఒకటే. 0.1 మిల్లీగ్రాము తేడా చూపే త్రాసులో 24 గంటలకోసారి తూచండి.

తప్పులు జరిగేది ఇక్కడే. వేళ్లతో పట్టుకుంటే మైనం గీసుకుపోతుంది, మెత్తటి ఫోర్సెప్స్ వాడండి. కార్బన్ డయాక్సైడ్‌తో మత్తు ఇస్తే శ్వాసరంధ్రాలు తెరుచుకుని నీరు ఎక్కువ పోతుంది. మలం బరువు విడిగా తీయకపోతే అదీ ఆవిరి లెక్కలో కలిసిపోతుంది. తగ్గిన బరువంతా నీరే అనుకోవద్దు, ఆకలికి కొవ్వు కూడా కరుగుతుంది. ఒక గ్రాము కొవ్వు కరిగితే ఒక గ్రాముకు పైగా నీరు పుడుతుంది కూడా! అందుకే మొదట్లోనే కొన్ని పురుగులను, చివర్లో మిగతావాటిని 60 డిగ్రీల దగ్గర బరువు మారనంతవరకు ఎండబెట్టి పొడి బరువు తెలుసుకోండి; మొత్తం తగ్గుదలలోంచి పొడి బరువు తగ్గుదలను తీసేస్తే మిగిలేది నీటి లెక్క.

పీజీలో కీటక శాస్త్రం గానీ జంతు శరీరధర్మ శాస్త్రం గానీ తీసుకోండి, పక్కనే స్టాటిస్టిక్స్, ఆర్ (గణాంకాలకు వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్. ఉద్యోగానికి ఎడారికే వెళ్లాలని లేదు. నిల్వ ధాన్యంలో వాడే డయాటమ్ మట్టి (సూక్ష్మ నాచుల శిలాజ పెంకుల మట్టి) పొడి పురుగుల మైనాన్ని పీల్చేసి వాటిని ఎండగట్టి చంపుతుంది. ఏడిస్ దోమ గుడ్లు ఎండిన తొట్టెలో నెలల తరబడి బతుకుతాయి. ఆ రెండు చోట్లా కావలసింది మీరు సీసాలో నేర్చుకునే ఈ నీటి లెక్కే.